తేనెరంగు రాయి, పడమటి కిటికీ

రాళ్ళకి సాన పట్టే ఆ పెద్దమనిషిని వీధిలో అందరూ కిటికీ గారనే పిలిచేవారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద మాత్రమే ఉండేది. ఆయన పనిగది నగల దుకాణం పైన, రెండో అంతస్తులో. గదిలో ఒక సాన చక్రం, ఒక బల్ల దీపం, మూతలు సరిగా పట్టని రేకు డబ్బాలు, పడమటి వైపు ఒక కిటికీ. ఆ కిటికీ గట్టు మీద ఎప్పుడు చూసినా పది పన్నెండు రాళ్ళు ఎండలో పడి ఉండేవి. ఒక్కో రాయికి సగం మేర నల్లకాగితం చుట్టి ఉండేది. కొత్తగా వచ్చినవాళ్ళకి ఆయనకి తిక్క ఉందేమోనని అనుమానం వచ్చేది. పాతవాళ్ళకి ఆ అనుమానం కూడా ఉండేది కాదు.

ఆయన చేతికి ఎక్కువగా వచ్చేవి టోపాజ్ రాళ్ళు. ఆ రాయంటే ఆయనకి ప్రాణం. సాన దిగాక వేలితో తాకితే సబ్బు రాసినట్టు జారిపోతుంది. చెంపకి ఆనిస్తే చల్లగా ఉంటుంది. అంత గట్టి రాయి కూడా, తగలరాని చోట చిన్న దెబ్బ తగిలితే నిలువునా రెండు ముక్కలవుతుంది. మా ఆవిడా అంతే అని ఆయన ఒకసారి అన్నాడు గానీ, ఆవిడ అక్కడ లేనప్పుడు అన్నాడు.

చిక్కల్లా రంగుతోనే. టోపాజ్ చాలావరకు నీళ్ళలా తెల్లగానే పుడుతుంది. దానికి రేడియేషన్ పెట్టి, ఆపైన వేడి చేస్తే నీలం వస్తుంది. దుకాణాల్లో మెరిసే నీలి టోపాజ్ దాదాపు అంతా అలా వచ్చిందే. ఆ నీలం పోదు కాబట్టి కిటికీ గారికి దానితో పేచీ లేదు. నచ్చితే కొనుక్కోండి, భూమిలోంచి అలాగే వచ్చిందని మాత్రం ఎవరికీ చెప్పకండి అనేవాడు. ఇంద్రధనుస్సులా మెరిసే రకం ఇంకొకటి ఉంది. దాని రంగంతా పైపైన వేసిన పల్చటి పూత. ఒకావిడ అలాంటి రాయి తెచ్చి గీతలు పోయేలా సాన పట్టమంది. పూత పోతుందని ఆయన రెండుసార్లు చెప్పాడు. మీ పని మీరు చూసుకోండని ఆవిడ రెండుసార్లు చెప్పింది. ఆయన తన పని చూసుకున్నాడు. మర్నాడు తెల్లటి రాయి చేతిలో పెడితే, నా రంగులు ఏవని అడిగింది. సాన నీళ్ళతో పాటు తూములోకి వెళ్ళిపోయాయమ్మా అని ఆయన ఉన్నమాట చెప్పాడు. కింద దుకాణం యజమాని వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆ వారం పని బాగా సాగింది.

అన్నిటిలోకీ గడ్డుది తేనెరంగు. కొన్ని రాళ్ళు పుట్టుకతోనే ఆ రంగులో ఉంటాయి. కొన్నిటికి రేడియేషన్‌తో తెప్పిస్తారు. అలా తెప్పించిన రంగు ఎండ తగిలితే చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతుంది. ఊరికే చూసి తేడా పట్టడం ఆయన తరం కూడా కాదు. అందుకే ఆయనకో నియమం. తేనెరంగు రాయి ఎవరిదైనా సరే, నెల రోజులు సగం ఎండలో, సగం చీకట్లో ఉండాల్సిందే. ఆ తర్వాత రాయి పెట్టిన పొట్లం మీద పెన్సిలుతో "నిలిచింది" అనో, "నిలవలేదు" అనో రాస్తాడు. దుకాణం యజమాని ఎంత బతిమాలినా మూడో మాట రాయడు.

ఇంత నిక్కచ్చి మనిషికీ ఒక రాయి దగ్గర నోరు పెగిలేది కాదు.

ముప్పై ఒక్క ఏళ్ళ కిందట, పెళ్ళైన కొత్తలో, తనంతట తాను మొదటిసారి సాన పట్టిన తేనెరంగు టోపాజ్‌ని వెండి ఉంగరంలో పొదిగి భార్యకి ఇచ్చాడు. పుట్టు రంగు, ఎప్పటికీ మారదు అన్నాడు. కొత్త పెళ్ళికొడుకులు అలాంటి మాటలు ఎంత తేలిగ్గా అంటారో అంత తేలిగ్గా అన్నాడు. రెండేళ్ళ తర్వాత, ఆ ఉంగరం రాయి వచ్చిన డబ్బాలోదే ఇంకో రాయి కిటికీ గట్టు మీద మర్చిపోయాడు. రెండు వారాలు జ్వరంతో ఇంట్లో పడి ఉండి, తిరిగొచ్చి చూస్తే అది వెలిసి తెల్లబడి ఉంది. అమ్మినవాణ్ణి నిలదీశాడు. రెండు రకాలూ కలిపేసి అమ్మానని, ఏది ఏదో తనకీ తెలియదని వాడు తాపీగా ఒప్పుకున్నాడు. నియమం ఆ రోజు పుట్టింది. ఉంగరం సంగతి భార్యకి చెబుదామని మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అలా ఆగి, అక్కడే కాపురం పెట్టింది.

అప్పటిదాకా ఇంటిపట్టునే ఉన్న ఆవిడ, ఆ తర్వాత మొక్కల నర్సరీలో పనికి చేరింది. రోజంతా ఎండలోనే. ఉంగరం వేలి నుంచి తీసేది కాదు గానీ, రాయి ఉన్న వైపు అరచేతిలోకి తిప్పి పెట్టుకునేది. నచ్చలేదు కాబోలు, చెప్పడానికి మొహమాటపడుతోంది అని ఆయన తీర్మానించుకున్నాడు. అందుకు బాధపడేవాడు. రాయికి ఎండ తగలడం లేదు కదా అని ఊరట కూడా పడేవాడు. ఈ ఊరట సంగతి మాత్రం తనకి తాను కూడా పైకి చెప్పుకునేవాడు కాదు.

ఒకరోజు సిమెంటు కుండీ ఎత్తుతుంటే ఉంగరం ఒరుసుకుని, రాయిని పట్టుకునే నాలుగు వెండి కొక్కేల్లో ఒకటి విరిగింది. ఆవిడ ఉంగరం తీసి బల్ల మీద పెట్టి, రాయి ఊగుతోంది, చూడమంది.

పది నిమిషాల పని. కొక్కెం అతికించి సాయంత్రానికి ఇచ్చేస్తే అడిగేవాళ్ళు లేరు. ఆయన మాత్రం రాయిని ఊడదీసి, టీ చల్లారేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాడు. రంగు నిలవకపోతే, ఆవిడకి ఇచ్చిన మొదటి మాటే అబద్ధం అవుతుంది. ఊళ్ళోవాళ్ళ రాళ్ళన్నీ ఎండలో పెట్టి తన రాయిని జేబులో వేసుకుంటే, ఇన్నేళ్ళు పొట్లాల మీద రాసిందంతా అబద్ధం అవుతుంది. చివరికి సగం మేర నల్లకాగితం చుట్టి గట్టు మీద పెట్టాడు. ఇంటికెళ్ళి, పని ఒత్తిడి, నెల పడుతుందన్నాడు. ఆవిడ ఆయన మొహంలోకి చూసి అన్నం వడ్డించింది.

తొమ్మిదో రోజు ఆవిడ మెట్లెక్కి పనిగదికి వచ్చింది. అన్నేళ్ళలో అది రెండోసారో మూడోసారో. తిన్నగా కిటికీ దగ్గరికి నడిచి, డజను రాళ్ళలో తనదాన్ని తడుముకోకుండా తీసి గుప్పిట మూసింది.

"దీన్ని పరీక్ష చెయ్యొద్దు," అంది.

అది నియమమని ఆయన గొణిగాడు.

"నియమం ఎందుకొచ్చిందో నాకు తెలుసు. జ్వరం తగ్గి పనికెళ్ళిన రోజు మీరు భోజనం ముట్టలేదు. రాయి తెల్లబడిందన్నారు. ఏ డబ్బాలోదని అడిగితే, నా చేతి వంక చూసి మాట మార్చేశారు."

"మరి ఇన్నేళ్ళూ అడగలేదేం?"

"అడిగితే మీరు దీన్ని ఎండలో పెట్టేవారు. మీ మాట తప్పు కాకూడదని గుప్పిట్లో దాచుకుని తిరిగాను. బస్సులో కిటికీ పక్కన కూడా కూర్చోలేదు."

ఆయనకి సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకాలే కళ్ళు తడిశాయి. చెప్పాల్సింది నేను, ఆ బరువు మోసింది నువ్వు అన్నాడు. ఆవిడ గుప్పిట విప్పింది. ఆయన నల్లకాగితం విప్పాడు. కాగితం కింద ఉన్న వైపు తేనెరంగు అలాగే ఉంది. ఎండ తగిలిన వైపు పలచబడి, నీళ్ళు కలిసినట్టు అయిపోయింది. ఆవిడ భూతద్దం తీసుకుని, ఆయన కన్నా ఎక్కువసేపు చూసింది.

"సగం నిజమే చెప్పారు," అంది.

రంగు నిలిచిన రాళ్ళలో మేలైనది ఏరి పొదుగుతానని ఆయన అన్నాడు. ఆవిడ వద్దంది. ఇదే పెట్టమంది. ఆయన పది నిమిషాల్లో కొక్కెం అతికించి రాయి బిగించాడు. అలవాటు కొద్దీ పొట్లం మీద "నిలవలేదు" అని రాశాడు. ఆవిడ ఆ పొట్లం కూడా మడిచి సంచీలో పెట్టుకుంది.

అప్పటి నుంచి ఉంగరం రాయి బయటికే ఉంది. నర్సరీలో కుండీలు మోసినా, గొట్టంతో నీళ్ళు పట్టినా, బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా బయటికే. నెల తిరిగేసరికి తేనెరంగు జాడ లేకుండా పోయి, రాయి నీళ్ళలా తేటగా మిగిలింది. తోటి పనివాళ్ళు రంగు ఏమైందని అడిగితే ఆవిడ ఒకటే జవాబు చెబుతుంది.

"ఇదే దీని పుట్టు రంగు. ఎప్పటికీ మారదు."

కిటికీ గారు ఆ మాటని అన్ని వైపుల నుంచీ తిప్పి చూశాడు. ఎక్కడా తప్పు దొరకలేదు.