కాయితంలో లేని కాకులు

మా చిన్న ఆడబిడ్డ మొన్న మంగళవారం తెల్లవారుజామున కాశిబుగ్గలో కన్నుమూసింది. పలకరించడానికి వచ్చినవాళ్లంతా ఒకే మాట అన్నారు: "ఎంత అణకువ గల మనిషి!" నాకు ఒళ్లు మండింది. ఆమెకు అణకువ లేదు. దాన్ని నేర్పాలని చూసినవాళ్లం మేము, అందులో అందరికన్నా ముందు నేను. లెక్క తప్పుగా మిగిలిపోకూడదని ఇది రాస్తున్నాను.

డెబ్బైల మొదట్లో నేను కోడలిగా వచ్చేనాటికి ఆమెకు పదకొండేళ్లు. ఇంట్లో జంపఖానాలు నేసే మగ్గం. నేను మెట్రిక్ చదివినదాన్నని మా మామ నమూనా కాగితాలు నా చేతికిచ్చాడు. నూలిచ్చి మాతో నేయించుకునే సేటు పంపే గళ్ల కాగితంలో ఎలా ఉంటే అలాగే నేయాలి. ఒక్క గడి తప్పినా పట్టుకుని విప్పించడం నా పని. ఆమె రంగు పోగులన్నీ మెడలో వేసుకుని కూర్చునేది. కావలసిన రంగును చూడకుండానే లాగేది.

పద్నాలుగో ఏట, అంచున నాలుగు నెమళ్లు రావలసిన చోట నాలుగు కాకులు నేసింది.

"ఇదేందే?" అన్నాను.

"కాకి వదినా. నెమలిని నేనేడ సూసిన? మన గోడ మీద వాలేది ఇదే గద."

మామ చూశాడు. ఆమెను వదిలేసి నా వైపు తిరిగి, "సదువుకున్న కోడలివి, కండ్లు యాడ పెట్టినవ్?" అన్నాడు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. అప్పుడే కూర్చుని నలభై రెండు వరసలు విప్పాను. ఆమె పక్కనే నిలబడి చూసింది.

"మంచిగ లెవ్వా వదినా?"

"మంచిగనే ఉన్నయి. కాయితంల లెవ్వు."

ఆ జవాబు నాదే. ఇంకెవరి మీదికీ తోయలేను.

ఆ తర్వాత ఏళ్ల తరబడి తప్పు లేకుండా నెమళ్లే నేసింది. మిగిలిన నూలుతో మాత్రం తన పడకకని ఒక జంపఖానా నేసుకుంది. నిండా కాకులే. ఒకటి మెడ తిప్పి, ఒకటి రెక్క గోక్కుంటూ, ఒకటి దేనిమీదో అలిగినట్టు. పెళ్లి మాట ఎత్తితే, "అది గూడ కాయితం సూసి చేసుకునుడేనా?" అని నవ్వేది. చేసుకోలేదు.

ఎనభైల నడుమ ఒకరోజు సేటు మా ఇంటికొచ్చి, ఎండలో వేసిన ఆ జంపఖానాను చూశాడు. నెల తిరగకముందే కాకులు గళ్ల కాగితమెక్కి పేటలోని మగ్గాలన్నింటికీ చేరాయి. నేను సంబరంగా ఆ కాగితం ఆమె ముందు పరిచాను. "సూడవే, నీ కాకులు!"

చాలాసేపు చూసింది. అన్నింటికీ ఒకే మెడ, ఒకే ముక్కు.

"నావి గావు వదినా. బడిపిల్లల లెక్క లైన్ల నిలబడ్డయి."

"నఖ్రాలు చాలు, నెయ్యి" అన్నాడు మా ఆయన.

"నెమళ్లు నెయ్యమంటే ఇన్నేండ్లు నేసిన గద అన్నా. అవి నావి గావు, నేసిన. ఇవి మాత్రం నెయ్య. కాయితం సూసి నేసేతందుకు చేతులు సాలు, నేనెందుకు?"

మగ్గం దిగింది. మళ్లీ ఎక్కలేదు. పొగరు అన్నాను నేను. నలుగురిలోనూ అన్నాను.

జంపఖానాకు ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. మా ఆయన పక్కన ఆమె చోట నేను కూర్చున్నాను, కాగితం ఎదురుగా పెట్టుకుని. ఆమె గడప దగ్గర పీట వేసుకుని, రాట్నం మీద వేరే ఇళ్ల మగ్గాలకు నూలు కండెలు చుట్టేది. ముఖం ఎప్పుడూ వీధి వైపే; దారిన పోయేవాళ్లు అణకువ అనుకున్నది దాన్నే. ముప్పై ఏళ్లు మగ్గం మీంచి మాకు కనిపించింది ఆ వీపే. దాని మీద, రాట్నం తిరిగినప్పుడల్లా కొద్దిగా ఊగే జడ: మొదట నల్లగా, తర్వాత బూడిద రంగులో, చివరికి తెల్లగా, చిటికెన వేలంత.