పదకొండింటికి లేచే గీత

జగ్గయ్యపేటలో ఇంటి ముందు గదిలో కూర్చుని నేను చేసే ఉద్యోగం ఏమిటో మా వీధిలో ఎవరికీ అంతుపట్టదు. నాకేమో అది చెప్పడమంటే మహా సరదా. కంపెనీ కంప్యూటర్లు ఎంత చురుగ్గా పనిచేస్తున్నాయో గీతలు గీసి చూపించే టూల్స్ ఉంటాయి. వాటిని ఎలా చదవాలో నేను డాక్యుమెంట్ రాస్తాను. ఇదివరకు మనుషులు చదివేవారు, అంటే చదవకుండా పక్కవాణ్ణి అడిగేవారు. ఇప్పుడు ఏఐ ఏజెంట్ చదువుతుంది. అదొక ప్రోగ్రాం, రాసింది చదివి, గీతలు చూసి, చెయ్యాల్సింది తనే చేసేస్తుంది. నేను రాసిన ప్రతి అక్షరాన్నీ చదివేవాళ్ళు ఈ జన్మకు దొరికారని పొంగిపోయాను.

ఆ పొంగు ఏజెంట్‌ని పరీక్షించిన రోజున చల్లారింది. పదకొండింటికి ఒక గీత నిట్టనిలువుగా లేచింది. ఏజెంట్ గగ్గోలు పెట్టి, అప్పుడు నడుస్తున్న పనిని ఠక్కున ఆపేసింది. అది రోజూ ఆ వేళకు తయారయ్యే రిపోర్టు. మా మేనేజరమ్మ ఫోన్ చేసింది.

"రేపు మళ్ళీ చూద్దామండి. రేపు కూడా ఇంతే అయితే మీరు హైదరాబాద్ వచ్చి టీమ్‌తో కూర్చుని రాయాల్సిందే."

హైదరాబాద్ అంటే ఇల్లు రెండు ముక్కలు. మా ఆయన నందిగామ హైస్కూల్లో మాస్టారు, రోజూ బస్సులో వెళ్ళొస్తారు, ఆయన కదలలేరు. ఏడుపు గొంతుతో ఆయనకు ఫోన్ చేస్తే, "ఏం కాదులే, నువ్వు రాసేస్తావ్," అని పెట్టేశారు. ఆ తాపీతనానికి నాకు ఒళ్ళు మండింది. నేను వెళ్ళిపోయినా ఈయనకు చీమ కుట్టినట్టయినా ఉండదన్నమాట అనుకుంటూ, ఆ కోపంతోనే అన్నం కలుపుకున్నాను.

రెండో ముద్ద నోట్లో పెట్టుకుంటుండగా ఢామ్మని మోత. కిటికీ అద్దాలు గలగలలాడాయి, పప్పుగిన్నె మీద మూత జారింది. మూత సర్ది తింటున్నాను. అంతలో మేడమీది వాటాలో మూడు రోజుల కిందట దిగి, ఆవేళే సెలవు పెట్టి ఇంట్లో ఉన్న బ్యాంకు ఉద్యోగిని చెప్పుల్లేకుండా, చేతిలో గరిటెతో మెట్లు దిగి పరుగెత్తుకొచ్చింది.

"అండీ! భూకంపం! బయటికి రండీ!"

"భూకంపం కాదండి, క్వారీలో సున్నపురాయి పేలుస్తారు. రోజూ ఈ టైముకి ఇంతే. కూర్చోండి, భోంచేద్దురుగాని."

ఆవిడ గుమ్మంలోనే కూలబడింది. "రోజూ ఉండేదైతే ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు చెప్పాలి కదండీ! గ్యాస్ కట్టేసి, మా వాటా కరెంటు మెయిన్ ఆపేసి మరీ వచ్చా!"

నాకు నవ్వు ఆగలేదు. ఆవిడ గ్యాస్ కట్టేసింది, ఏజెంట్ రిపోర్టు ఆపేసింది. తప్పు ఇద్దరిదీ కాదు, నాదే. ఎంగిలి చేత్తోనే లేచాను.

నా డాక్యుమెంట్‌లో గీతలన్నిటికీ అర్థాలున్నాయి. పదకొండింటి సంగతి మాత్రం లేదు, ఎందుకంటే అది టీమ్‌లో అందరికీ తెలుసు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, "మీరు చూసి కూడా కంగారుపడనివి ఏమేం ఉన్నాయో చెప్పండి," అని సాయంత్రం దాకా పీడించాను. ఓహో, ఎన్ని చెప్పారో! సోమవారం పొద్దున మందగించేది ఒకటి, ఎర్రగా వెలిగినా ఎవరూ పట్టించుకోనిది ఇంకొకటి. అన్నీ రాశాను. "పదకొండింటికి ఈ గీత లేస్తుంది. అది రోజువారీ రిపోర్టు. పది నిమిషాల్లో దిగుతుంది. అందాకా దేన్నీ ఆపకు. దిగకపోతే మనిషిని పిలువు."

మర్నాడు పదకొండింటికి గీత లేచింది. నేను గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను. ఏజెంట్ రాసింది: "ఇది రోజూ వచ్చేదే. వేచి చూస్తున్నాను." తొమ్మిదో నిమిషంలో గీత దిగింది. "ఇంక హాయిగా అక్కడే ఉండండి," అంది మేనేజరమ్మ. నేను గదిలో గిరగిరా తిరిగాను. నలభై దాటిన మనిషిని, నడుము పట్టేసింది, అయినా తిరిగాను.

ఇది ఫోన్‌లో చెప్పే మాట కాదు. దొరికిన బస్సెక్కి నందిగామ వెళ్ళాను. కుడికాలికి నా చెప్పు, ఎడమకాలికి ఆయనది వేసుకొచ్చానని స్కూలు గేటు దగ్గర చూసుకున్నాను. మధ్యాహ్నం బెల్లు కొట్టాక ఆయన బయటికొచ్చి, నన్ను చూసి ఆగిపోయారు.

"ఇక్కడే ఉండమన్నారండీ!" అని గేటు బయటినుంచే అరిచాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడిచారు, పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు. తర్వాత నన్ను దాటి రోడ్డు మీదికి నడవబోయారు.

"ఎక్కడికండీ?"

"ఆ ఎదురు మెస్‌కి. వచ్చే నెల నుంచి రెండు పూటలా ఇక్కడే తింటానని నిన్న చెప్పా. రానని చెప్పాలిగా."

"నిన్న ఎప్పుడు?"

"నీ ఫోన్ పెట్టేయగానే వెళ్ళా. ఎలా వండుతారో చూద్దామని కూర్చున్నా. ముద్ద దిగలేదు," అన్నారు.