పసుపు బియ్యం వాపసు

ఒక ఊళ్లో ఎన్నిక సరిగ్గా జరుగుతోందో లేదో గంటసేపట్లో చెప్పేయగలనని నాకు గట్టి నమ్మకం ఉండేది. అందుకు పెద్ద చదువులేం అక్కర్లేదు. వరుసలో నిలబడ్డ ఆడవాళ్లు తమలో తాము మాట్లాడుకుంటున్నారా, లేక మాటిమాటికీ ఎవరో ఒకరి మొహం వంక చూస్తున్నారా అన్నది గమనిస్తే చాలు. ఈ లెక్కతోనే జనగామ నుంచి భూపాలపల్లి దాకా చాలా బూత్‌లు చూశాను, చూసినవాటి గురించి ఇంట్లో గొప్పలు కూడా చెప్పుకున్నాను.

నాది మహబూబాబాద్‌లో తపాలా ఉద్యోగం. ఎన్నికలొస్తే మాలాంటివాళ్లను పరిశీలకులుగా వేస్తారు. పని చిన్నదే. బూత్‌లో ఒక మూల కుర్చీలో కూర్చొని చూడాలి, చూసింది ఫారంలో రాసి పైకి పంపాలి. మధ్యలో కల్పించుకోకూడదు. నాలాంటి నోరున్న ఆడమనిషికి అంతకు మించిన శిక్ష లేదు.

ఈమధ్య జరిగిన పంచాయతీ ఎన్నికల్లో నన్ను దంతాలపల్లి అవతల ఒక ఊరి బడిలో పెట్టిన బూత్‌కు వేశారు. పొద్దున్నే ఖాళీ పెట్టె బోర్లించి ఏజెంట్లకు చూపించారు, సీలు వేశారు, ఏడింటికల్లా ఓటింగు మొదలైంది. వరుసలో ఆడవాళ్లు కోతుల బెడద గురించి, మిర్చి తోటల గురించి గలగలా మాట్లాడుకుంటున్నారు. గొడవ లేదు, తోపులాట లేదు. నాకు మహా సంతోషమైంది. పదకొండింటికల్లా ఫారంలో గడులు చాలావరకు నింపేశాను. ‘ఓటర్లు భయం లేకుండా ఓటు వేశారా’ అన్న ప్రశ్న ఎదురుగా ‘అవును’ అని కూడా రాసేశాను. ఇంకా రెండు గంటల ఓటింగు ఉందని తెలుసు. అంత తొందరెందుకంటే, నాకు అంతా తెలుసన్న ధీమా, అంతే.

అప్పుడు వచ్చిందామె. డెబ్బై దాటి ఉంటుంది. జీవితమంతా నాట్లు వేసి వేసి నడుము కాస్త వంగిపోయింది. వేలికి సిరా పెట్టించుకుంది, వార్డు మెంబరుది ఒకటి, సర్పంచుది ఒకటి, రెండు కాగితాలూ ముద్ర కర్రా తీసుకొని అట్టచాటుకు వెళ్లింది. వెళ్లిన మనిషి బయటికి రాదు. వెనక వరుస పెరుగుతోంది.

“అవ్వా, ముద్ర కొట్టినవా?” అని ప్రిసైడింగ్ అధికారి కేకేశాడు. ఆయన పక్క మండలంలో బడి సారు, నెమ్మదస్తుడు.

“కొట్టలే సారూ.”

“కొట్టి మడిచి పెట్టెల వెయ్యి మరి.”

ఆమె ఖాళీ కాగితాలు చేత్తో పట్టుకొని బయటికొచ్చేసింది. సారు వద్దు వద్దంటున్నా వినకుండా నేరుగా ఏజెంట్ల బెంచీ దగ్గరికి వెళ్లి నిలబడింది. ఆ బెంచీ మీద ఇద్దరున్నారు. ఒకామె సర్పంచుగా పోటీ చేస్తున్న ఆసామి భార్య. భూములున్న ఇంటి కోడలు, నలభై ఏళ్లుంటాయి. రెండో అతను ఎదుటి అభ్యర్థి తమ్ముడు. అవ్వ కాగితాలు చంకలో ఇరికించుకొని కొంగు ముడి విప్పింది. అందులో గుప్పెడు పసుపు బియ్యం ఉన్నాయి.

“అమ్మా, మొన్న నువ్వు మా ఇంటికొచ్చి నా చేతుల గివి పోసినవ్. మీ ఆయనకే ఓటేస్తనని నా కొడుకు మీద ఒట్టు పెట్టించుకున్నవ్. గివి వాపస్ తీసుకో. ఒట్టు తీసెయ్యి. గప్పుడు పోయి ముద్ర కొడుత.”

అభ్యర్థి భార్య మొహం పాలిపోయింది.

“ఏం ఒట్టు అవ్వా? నాకేం తెల్వదు.”

“నీకు తెల్వకపాయె. నాకు తెలుసు గదా. నా కొడుకు భూపాలపల్లిల బొగ్గుబాయి పని చేస్తడు. పొద్దుగాల దిగిండు. గిప్పుడు లోపల్నే ఉన్నడు.”

మా దిక్కు బొగ్గుగనిలో పనిచేసే కొడుకున్న తల్లి సంగతి నాకు తెలుసు. డ్యూటీకి పోయినవాడు పైకి ఎక్కానని ఫోన్ చేసేదాకా ఆమెకు ముద్ద దిగదు. అలాంటి తల్లి చేత ఆ కొడుకు మీదే ఒట్టు పెట్టించుకున్నారు. దేవుడి కోపం చూపి ఓటరును బెదిరించడం నేరమని మాకు శిక్షణలో చెప్పారు. నేను ఆ మాట పుస్తకంలో రాసుకున్నాను కూడా. రాసుకొని, వరుసలో నవ్వులు చూసి, ఇక్కడ భయం లేదని తేల్చేశాను. నా మీద నాకే కోపం వచ్చింది.

ప్రిసైడింగ్ సారు లేచాడు. నెమ్మదస్తుడైనా ఆయనకు చట్టం తెలుసు.

“అమ్మా, మీరు బయటికి నడవున్రి. మీరు గీడ కూసోవద్దు,” అన్నాడు ఆ అభ్యర్థి భార్యతో.

అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

“ఆమెను పంపిస్తే ఒట్టెవరు తీస్తరు సారూ? పెట్టినోళ్లే తియ్యాలె. నువ్వు తీస్తె పోతదా?”

ఇంత చట్టం చేతిలో పెట్టుకొని కూడా ఆ గుప్పెడు బియ్యం వెనక్కి తీసుకునే అధికారం సారుకూ లేదు, నాకూ లేదు. ఎదుటి అభ్యర్థి తమ్ముడు మాత్రం మీసాల్లో నవ్వుకుంటున్నాడు. అవ్వ అటు తిరిగింది.

“నవ్వకు బిడ్డా. మీ ఇంటోళ్లు గూడ పసుపు బియ్యం పళ్లెం పట్టుకొని వచ్చిన్రు. నేను తలుపు తియ్యలే.”

అతను నేల చూపులు చూశాడు. సారు బతిమాలే గొంతుతో అన్నాడు, “అవ్వా, గిట్ల అందరి ముంగట అడిగితే నువ్వు ఎవరికేస్తవో బయటపడుతది గదా.”

“ఎట్ల బయటపడుతది? ఒట్టు తీసినంక నేను ఆయనకే ఏస్తనేమో. నీకేమెరుక? గని నా ఇష్టంతోని ఏస్త.”

స్వేచ్ఛగా ఓటు వేయడమంటే ఏమిటో మా శిక్షణ తరగతుల్లో పూటంతా చెప్పారు. ఎవరూ ఇంత సూటిగా చెప్పలేదు. లేచి ఆమె చేతులు పట్టుకోవాలనిపించింది. కుర్చీ విడవకూడదు కాబట్టి అభ్యర్థి భార్య వైపు చూస్తూ ఉండిపోయాను. నేనేం దయగా చూడలేదు.

ఆమె రెండు చేతులూ దోసిలి పట్టి ముందుకు చాపింది. అవ్వ గింజ కిందపడకుండా బియ్యం అందులో పోసింది.

“నా కొడుకు పేరు పెట్టి తియ్యి.”

ఆమె అతని పేరు చెప్పి, “ఒట్టు తీసేసిన. నీకు నచ్చినోళ్లకు ఏసుకో అవ్వా,” అంది.

అవ్వ అట్టచాటుకు పోయి ముద్ర కొట్టి, రెండు కాగితాలూ మడిచి పెట్టెలో వేసింది. అంతా కలిపి నిమిషం పట్టలేదు. సారు అభ్యర్థి భార్యను ఇంక పంపించేయబోతే తలుపు దగ్గరున్న ఆడవాళ్లు ఒప్పుకోలేదు. వాళ్లలో ముగ్గురి కొంగుల్లోనూ పసుపు బియ్యం ఉన్నాయి. ఒకామెకు కూతురి మీద ఒట్టు, ఇంకొకామెకు పాలిచ్చే బర్రె మీద ఒట్టు. అన్నీ తీయించుకున్నాకే ఆమెను బయటికి పోనిచ్చారు.

నేను ఫారం తీసి ‘అవును’ కొట్టేసి, ‘లేదు’ అని రాసి, ఏం జరిగిందో కింద వివరంగా పెట్టాను. సారు తొంగి చూశాడు.

“మేడమ్, ఎవరూ ఫిర్యాదు ఇయ్యలే గదా. మంచిగనే ముగిసింది. ఎందుకు కొట్టేస్తున్నరు?”

“ముగించింది ఆ అవ్వ సార్. మనం కాదు.”

కొట్టివేత పక్కన సంతకం చేశాను. పైవాళ్లు దానితో ఏం చేస్తారో వాళ్లు చూసుకుంటారు. నా పని చూసింది రాయడం, ఆ రోజు ఆ పని నేను ఆలస్యంగానైనా సరిగ్గానే చేశాను.

మధ్యాహ్నం అక్కడే ఓట్లు లెక్కపెట్టారు. ఆ ఆసామే గెలిచాడు. బయట డప్పులు మొదలయ్యాయి, ఊరేగింపు బడి ముందు నుంచి ఊళ్లోకి కదిలింది. నా కాగితాలు సర్దుకొని గేటు దాటేసరికి సాయంత్రం నాలుగు దాటింది. గేటు పక్క అరుగు మీద అవ్వ కూర్చొని ఉంది. ఓటేసిన దగ్గర్నుంచీ అక్కడే ఉందట. చేతిలో చిన్న బటన్ల ఫోను. ఆమె పక్కన, మొగుడి ఊరేగింపుకు పోకుండా, ఆ అభ్యర్థి భార్య కూర్చొని ఉంది. ఆమె కళ్లు కూడా ఆ ఫోను మీదే ఉన్నాయి.

“షిఫ్ట్ అయిపోయి ఉంటది గదా అవ్వా?” అని అడుగుతోంది.

“అయిపోయుంటది.”

“మరి ఇంక చెయ్యడేంది?”

నేను నిలబడిపోయాను. పొద్దుటి కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. ఒట్టు పెట్టించిన మనిషికి కూడా ఆ ఒట్టంటే ఇంత భయమని నేను ఊహించలేదు. ఫోను మోగింది. అవ్వ చెవికి గట్టిగా ఆనించుకుంది.

“ఎక్కినవా కొడుకా?... తిన్నవా?... ఏం లేదు, ఊకెనే. ఓటేసిన... మంచిగనే అయింది. ఫోన్ పెడుతున్న.”

అభ్యర్థి భార్య కొంగు మొహానికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. అవ్వ ఆమెను కాసేపు ఏడవనిచ్చింది. తర్వాత వీపు మీద చెయ్యి వేసింది.

“నా కొడుకు ఎక్కిండు. ఇగ నువ్వు ఇంటికి పో అమ్మా.”