గుండెలో మూడు బ్లాకులు, కార్డులో ఒక తప్పు

2014 ఫిబ్రవరిలో ఒక సోమవారం. సూర్యాపేట సబ్‌ట్రెజరీలో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వరుసలో నిలబడ్డాను. బతికే ఉన్నామని పెన్షనర్లం ఏటా ఇచ్చే కాగితం అది. ఇంకా నలుగురు నా ముందు ఉండగా ఎడమ దవడ గట్టిగా లాగింది. చెయ్యి బరువెక్కింది. ఎండ ముదరనే లేదు, చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది. గొర్రెలు కాసే ఇంట్లో పుట్టి, పశువుల దవాఖానలో ముప్పై రెండేళ్లు కాంపౌండరుగా చేసినవాణ్ని. నా నాడి నేనే పట్టి చూసుకున్నాను. సరిగ్గా కొట్టుకోవడం లేదు.

నా వెనక నర్సిరెడ్డి సారు ఉన్నాడు. మిర్యాలగూడలో హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి, మా వీధే.

"లింగయ్యా, గిట్ల చెమటలు పోస్తున్నయేంది?"

"గ్యాస్ కావచ్చు సార్. ఈ కాగితమిచ్చి పోత."

"కాగితం సంగతి తర్వాత. ముందు ఆటో ఎక్కు!"

దగ్గర్లోని దవాఖానలో ఈసీజీ తీశారు. "హార్ట్ ఎటాకే. మంచి టైముకు వచ్చిన్రు" అన్నాడు డాక్టరు. గడ్డ కరిగే ఇంజెక్షన్ ఇచ్చి, యాంజియోగ్రామ్‌కు హైదరాబాద్ పొమ్మన్నాడు. అంబులెన్స్‌లో నా భార్య సైదమ్మ ఒక చేత్తో నా కాలు పట్టుకుంది, రెండో చేత్తో ప్లాస్టిక్ కవరు గట్టిగా పట్టుకుంది.

"హెల్త్ కార్డు తెచ్చిన. నువ్వు పరేషాన్ గాకు" అంది.

ఆ కవరు గురించి చెప్పాలి. 2008లో నేను రిటైరైన కొత్తలో ఒక ఏజెంటు వచ్చి ప్రైవేటు పాలసీ తీసుకోమన్నాడు. నాకప్పటికే బీపీ, షుగర్. వాటివల్ల వచ్చే జబ్బులకు మొదటి కొన్నేళ్లు వర్తించదని చెప్పాడు. అయితే ఎందుకులే అని పంపించేశాను. తీసుకుని ఉంటే ఈపాటికి ఆ గడువు అయిపోయేది. ఇక మిగిలింది సర్కారు ఇచ్చే రీయింబర్స్‌మెంటు. ముందు మనం చేతినుంచి కట్టి, ఆ తర్వాత బిల్లులు పెట్టుకుని ఎదురుచూడాలి. ఇంతలో ఉద్యోగులకూ పెన్షనర్లకూ దవాఖానలో డబ్బు కట్టే పని లేని హెల్త్ కార్డులు వస్తున్నాయన్నారు. కోదాడలో ఉన్న మా బిడ్డ స్వరూప అక్కడి నెట్ సెంటర్లో మా ఇద్దరి పేర్లూ ఎక్కించి ప్రింటు తీసిచ్చింది. సైదమ్మ దాన్ని కవర్లో పెట్టి బీరువాలో దాచింది.

హైదరాబాద్‌లో యాంజియోగ్రామ్ అయ్యింది. "మూడు చోట్ల బ్లాక్ ఉంది. స్టెంట్‌తో కాదు, బైపాస్ చేయాలి. ఎక్కువ రోజులు ఆగడానికి లేదు" అన్నాడు పెద్ద డాక్టరు. సైదమ్మ ధీమాగా కవరు తీసుకుని హెల్త్ కార్డులు చూసే స్కీమ్ డెస్క్ దగ్గరికి వెళ్లింది. అక్కడి అమ్మాయి నంబరు కొట్టి చూసి, నా మంచం దగ్గరికే వచ్చింది.

"అంకుల్, ఇది కార్డు కాదు. దరఖాస్తు రసీదు. మీ ఆధార్‌లో ఒక పుట్టిన తేదీ, పెన్షన్ పుస్తకంలో ఇంకో తేదీ ఉన్నాయంట. ట్రెజరీలో ఆగిపోయింది."

ఛాతీ నొప్పి కంటే ఆ మాటకే ఎక్కువ భయపడ్డాను. అంత సొమ్ము ముందుగా కట్టే శక్తి మాకు లేదు. సైదమ్మ మాత్రం అప్పటికే ఫోన్ చెవికి పెట్టుకుంది.

"బిడ్డా, సూర్యాపేటకు వచ్చి బీరువల పెన్షన్ పుస్తకం తీసుకో. నర్సిరెడ్డి సారును ఎంటబెట్టుకొని ట్రెజరీకి పో!"

స్వరూప కోదాడలో దొరికిన మొదటి బస్సెక్కింది. ట్రెజరీలో జరిగింది తర్వాత చెప్పింది. ఆఫీసరు ముందు ఒప్పుకోలేదట. "ఆధార్ల తప్పుంటే నేనేం జేస్త?" అన్నాడట. నర్సిరెడ్డి సారు పెన్షన్ పుస్తకం ఆయన టేబుల్ మీద తెరిచి పెట్టాడు.

"సర్కారు రాసిన తేదీ ఇదే గద సార్. లింగయ్య మొన్న మీ వరుసలనే పడబోయిండు. మీరు సూడలే?"

ఆఫీసరుకు నేను గుర్తొచ్చాను. కుర్చీ ముందుకు జరుపుకుని, పుస్తకంలో తేదీ చూసి దరఖాస్తులో సరిచేసి, ఆమోదించాడు. వెంటనే ఫోన్ మోగింది.

"నాన్నా, అయిపోయింది! ఓకే చేశారు! ఇప్పుడు చూడమనండి!"

డెస్క్ అమ్మాయి మళ్లీ నంబరు కొట్టింది. ఈసారి మా ఇద్దరి ఫొటోలతో నిజమైన కార్డు వచ్చింది. ఆపరేషన్ అనుమతికి పంపింది. మర్నాడు మధ్యాహ్నం దాకా మా ఇద్దరికీ అన్నం సయించలేదు. అప్పుడా అమ్మాయి వార్డులోకి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చింది.

"అంకుల్, అప్రూవల్ వచ్చింది!"

పక్క మంచం ఆయన చప్పట్లు కొట్టాడు. సైదమ్మ ఆ పిల్ల రెండు చేతులూ కళ్లకద్దుకుంది. గుండె కోయబోతున్నారని తెలిసి కూడా నేను నవ్వుతున్నాను!

బైపాస్ బాగానే జరిగింది. ఆ తర్వాతే కష్టం. గుండెకు వేయడానికి నరం తీసిన కాలు చీము పట్టింది, షుగర్ అదుపు తప్పింది. ఇంటికి పంపాల్సినవాణ్ని ఇంకో పది రోజులు ఉంచారు. దగ్గు వస్తే దిండును ఛాతీకి హత్తుకుని దగ్గాలి. మూడు బంతులున్న స్పైరోమీటర్ ఇచ్చి గాలి పీల్చమన్నారు. మొదటి రోజు ఒక్క బంతీ కదల్లేదు. ఆరో రోజు మూడో బంతి పైకి లేచి తగిలేసరికి వార్డంతా వినబడేలా అరిచాను.

"మెల్లగ! కుట్లు ఊడుతయి!" అంది సైదమ్మ. ఆమె కూడా నవ్వుతూనే ఉంది.

ఇప్పుడు రోజూ పొద్దున ముప్పావుగంట నడుస్తాను. మునగాల వైపు మా వాళ్లు గొర్రెలకు జబ్బు చేస్తే ఫోన్ చేస్తారు, మందు చెబుతాను. మొన్న నర్సిరెడ్డి సారూ నేనూ మిర్యాలగూడలో పెన్షనర్ల మీటింగుకు వెళ్లాం. నా కథ విని ఒక రిటైర్డ్ నర్సమ్మ సంచిలోంచి కాగితం తీసి చూపించింది. అదీ రసీదే!

"నాకేం రోగం లేదు గదన్నా, నిమ్మలంగ సూసుకుంట" అంది.

"లేనప్పుడే సూసుకోవాలె అక్కా" అన్నాను. ఆమెను అక్కడే నెట్ సెంటర్‌కు తీసుకుపోయాం. ఆమె పేరులో ఒక అక్షరం తప్పు పడింది. వారంలో సరైంది.

మీకూ చెప్పేది ఇదొక్కటే. మీ దగ్గరున్నది కార్డా, రసీదా? అందులో మీ పేరు, పుట్టిన తేదీ పెన్షన్ పుస్తకంలో ఉన్నట్టే ఉన్నాయా? ఇవాళ మీకు ఏ నొప్పీ లేదు కదా. అయితే ఇవాళే వెళ్లి చూసుకోండి.