ఏడు పేర్లు, ఏడు చోట్లు

గౌరి టెక్కలిలో డిగ్రీ చదివింది. ఆ మూడేళ్ల కంప్యూటరు చదువులో ఆమెకు నిజంగా నచ్చింది నల్ల తెర ఒక్కటే. దాని మీద బొమ్మలుండవు, బాణం గుర్తుండదు. పేర్లు, చోట్లు, రోజులు అని ఒక్క వరసలో టైపు చేసి ఎంటర్ కొడితే, గళ్లు గళ్లుగా పట్టిక దిగిపోతుంది.

చదువయ్యాక భావనపాడు దగ్గరి ఓ చిన్న పేటలో, పుట్టింటి పక్కింటికే కోడలిగా వెళ్లింది. రెండిళ్లకీ మధ్య తడికె ఒక్కటే అడ్డం. బట్టలతో పాటు పాత లాప్‌టాప్ కూడా ఆ తడికె దాటింది. మూడు నెలలు తిరక్కుండానే ఆ ఇంట్లో పట్టిక లేని పనంటూ లేకుండా పోయింది. ఏ రోజు ఏ కూర, దుప్పట్లు ఉతికేదెప్పుడు, మొగుడు సునీల్ క్షవరం చేయించుకోవలసిన తేదీ ఏది, అన్నీ గళ్లలోనే. సునీల్ ఆ పట్టిక చూసిన దగ్గర్నుంచీ వేటకు గంట ముందే బయల్దేరుతున్నాడు.

అత్త నాగమణికి మాత్రం కోడలి చదువంటే గొప్ప. చేపల బేరానికి వచ్చినవాళ్లను కూడా కూర్చోబెట్టి ఆ తెర చూపించేది.

ఆ వీధిలో ఏడిళ్ల ఆడవాళ్లు ఒడ్డున నెత్తళ్లు ఎండబెడతారు. చోట్లు ఏడు. మొదటిది సిమెంటు గట్టు. గాలి తగులుతుంది, మధ్యాహ్నానికే చేపలు గలగలమంటాయి. ఏడోది మురిక్కాలవ పక్కన, కుక్కల రాజ్యం. గట్టు కోసం రోజూ గంపలు గిరాటేసుకోవడం, ఒకరి పుట్టుపూర్వోత్తరాలు ఒకరు తవ్వుకోవడం. చూసి చూసి గౌరి, వంతుల పట్టిక తను వేస్తానంది. కంప్యూటరు ఎవరి మొహమూ చూడదంది.

వీధి వరసలోనే పేర్లు కొట్టింది. ముందు పుట్టిల్లు, తల్లి తవిటమ్మ. తర్వాత అత్తిల్లు, నాగమణి. ఆపైన మిగతా అయిదుగురు. శుక్రవారం మొదలు. రోజూ ఒక్కొక్కరూ ఒక చోటు కిందికి జరగాలి, ఏడోచోటు మనిషి గట్టు ఎక్కాలి. టెక్కలిలో ప్రింటు తీయించి, ప్లాస్టిక్ తొడిగించి స్తంభానికి కట్టింది.

రెండు వారాలు ఒడ్డు మీద కాకుల గోల తప్ప వేరే గోల లేదు. మూడో వారం చివర నాగమణి వేళ్లు మడిచింది. ఆమెకు చదువు రాదు గానీ లెక్క తప్పదు.

"ఏటే గౌరీ, మూడు వారాలయినాది. నా సేపలు ఆ గట్టు మీద ఒక్కపాలైనా ఎండినాయా? మీయమ్మ సేపలు ఆ కాలవ కాడ ఒక్క దినమైనా ఉన్నాయా?"

"నాకు తెల్దత్తా. అదే అలాగొచ్చినాది," అంది గౌరి.

నమ్మేవాళ్లెవరు? తల్లి తవిటమ్మే నమ్మలేదు. కూతురు తనకోసమే చేసిందనుకుని మురిసిపోయి, తడికె మీదుగా చేపల వేపుడు అందించింది. ఆ గిన్నె అందరూ చూశారు. దానితో గౌరి నోట్లో ఎంత నిజమున్నా పనికిరాకుండా పోయింది.

నాగమణి తిట్టినా బాగుండేది. తిట్టలేదు. బేరానికి వచ్చినవాళ్లకు తెర చూపించడం మానేసింది. గౌరి అది భరించలేకపోయింది. దొంగ అనిపించుకున్నట్టే ఏడ్చింది. పట్టికను అటూ ఇటూ పదిసార్లు చూసింది. వారానికి అందరికీ అన్ని చోట్లూ ఒక్కొక్కసారి పడ్డాయి. తప్పేమీ కనబడలేదు. చివరికి, ఈసారి పేర్ల వరస అత్తనే చెప్పమంది.

నాగమణి దర్జాగా కూర్చుని చెప్పింది. మొదట తను. తర్వాత చిన్నప్పటి నేస్తం పైడమ్మ. ఆఖర్న వియ్యపురాలు తవిటమ్మ. మళ్లీ శుక్రవారమే మొదలు.

మూడు వారాలకు పైడమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. తనకు గట్టు ఒక్కసారీ అందలేదనీ, నాగమణికి మాత్రం కాలవ పక్క ఒక్కసారీ తగల్లేదనీ, ఇన్నేళ్ల స్నేహానికి బాగా బుద్ధి చెప్పిందనీ దులిపేసింది.

"ఒట్టు పైడీ, నాకు తెల్దు. అదే అలాగొచ్చినాది," అంది నాగమణి.

వంటగదిలో గౌరి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నవ్వు ఆగాక ఆలోచన వచ్చింది. మొదటి పేరు ఎవరిదైనా తప్పించుకుంటోంది, రెండో పేరు ఎవరిదైనా మునుగుతోంది. పట్టిక తీసి పైడమ్మ పేరున్న గడుల వెంట వేలు జరుపుకుంటూ చూసింది. గట్టు వంతు గురువారం పడింది. ప్రతి వారమూ గురువారమే.

గురువారం ఆ పేటలో వలలు బాగుచేసుకుంటారు. వేట లేదు, చేపలు లేవు. ఎండబెట్టడానికి గట్టుంది, ఏం లాభం? మొదటి మనిషికి కాలవ పక్క వంతు కూడా ఆ రోజే. కంప్యూటరుకు గురువారం సంగతి ఎవరు చెప్పాలి? పుట్టినప్పట్నుంచీ అదే వీధిలో ఉన్న గౌరి చెప్పాలి. చెప్పలేదు.

మర్నాడు ఏడుగురినీ గంపలతో ఒడ్డుకు పిలిచి, పట్టిక వరసలోనే ఏడు చోట్లలో నిలబెట్టింది. శుక్రవారమని చెప్పి రోజుకో అడుగు జరిపించింది. గురువారం రాగానే, ఈ రోజు చేపలు లేవంది. పైడమ్మ ఖాళీ గంపతో గట్టు మీద నిలబడి ఉంది. ఆమె మొదట కాళ్ల కింది గట్టును చూసింది, తర్వాత గంపలోకి చూసింది.

"తప్పు నాదే. గురువారం సంగతి మర్సిపోనాను," అంది గౌరి.

నాగమణికి ఇంతకంటే సులువైన దారి దొరకదు. తప్పు కోడలు ఒప్పేసుకుంది, నేస్తం ముందు తను ఒడ్డున పడింది. నోరు మూసుకుంటే సరిపోయేది. అందరూ ఇళ్లకు మళ్లుతున్నారు కూడా.

"ఆగండి," అంది నాగమణి. "అది మర్సిపోనాది, అంతే. మోసం సేసినాదని అనుకున్నది నాను. నా కోడల్ని నానే నమ్మనేదు."

తవిటమ్మ తల పక్కకు తిప్పుకుంది. ఆ వేపుడు ఆమెకూ గుర్తొచ్చినట్టుంది.

కొత్త పట్టికలో గురువారానికి గడే ఉండకూడదని, బుధవారం ఆగిన వంతు శుక్రవారం అందుకోవాలని తేలింది. కానీ గౌరి అక్కడే లాప్‌టాప్ తెరిచి ఎవరి పేరు ముందు కొట్టాలో అడిగితే ఏడుగురూ వెనక్కి తగ్గారు. మొదటి పేరంటే ఇప్పుడు దొంగపేరైపోయింది. వాదన మళ్లీ గంపల దాకా వచ్చేట్టుంటే నాగమణి చెయ్యెత్తింది.

"గౌరి ఎలాగ రాత్తే అలాగే. ఇంక నాను లెక్కెట్టను."

గౌరికి కళ్లు నిండి తెర కనబడలేదు. రెండుసార్లు తప్పు కొట్టింది, రెండుసార్లూ కంప్యూటరు ఒప్పుకోలేదు. మూడోసారి అత్త పేరే ముందు పడింది. ఒడ్డున ఎవరూ వేళ్లు మడవలేదు.