ఆ నాలుగక్షరాలకు నేను వేసిన మార్కులు

అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లీష్ చెప్పిన ఆరేళ్ళలో నా దగ్గరికి వచ్చినవాళ్ళంతా దాదాపు ఇరవై ఏళ్ళ పిల్లలే. ఆమె ఒక్కతే నలభై ఐదేళ్ళ మనిషి. పంజాగుట్టలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. మధురానగర్ నుంచి నడుచుకుంటూ పొద్దున ఏడింటి బ్యాచ్‌కు వచ్చి, క్లాసయ్యాక అటునుంచి అటే డ్యూటీకి పోయేది. నాకంటే పదిహేనేళ్ళు పెద్దదైనా నన్ను మేడం అనేది. నేను సిస్టర్ అనేదాన్ని.

వాళ్ళ వార్డులో ఇన్‌చార్జి పోస్టు ఖాళీ అయింది. ఈమెకు పద్దెనిమిదేళ్ళ సర్వీసు. కానీ ఇంటర్వ్యూ ఇంగ్లీష్‌లో.

ఒకరోజు ఓ, యు, జి, హెచ్ అని బోర్డు మీద రాసి, ఈ నాలుగూ కలిసి వచ్చే మాటలు చెప్పాను. కాఫ్ అంటే దగ్గు. టఫ్ అంటే గట్టిది. త్రూ అంటే గుండా. డో అంటే తడిపిన పిండి. బౌ అంటే చెట్టు కొమ్మ. ఆమె పెన్ను ఆపి చెయ్యెత్తింది.

"మేడం, అక్షరాలు గవే ఉన్నయి కదా. ఒక్కో మాటల ఒక్కో తీరు ఎందుకు పలుకుతయి?"

పిల్లలు నవ్వారు. నేనూ ఎర్రగడ్డలో తెలుగు మీడియం చదివినదాన్నే. కాలేజీలో సరిగ్గా ఇదే ప్రశ్న అడిగి ఇట్లాగే నవ్వులపాలయ్యాను. ఆ మాట ఆ ఇన్‌స్టిట్యూట్‌లో ఎవరికీ తెలియనివ్వలేదు. అప్పట్లో మా లెక్చరర్ ఇచ్చిన జవాబే ఆమెకూ ఇచ్చాను. "రూలేం లేదు సిస్టర్. బట్టీ పట్టడమే."

ఆమె నిజంగానే పట్టింది. నోట్‌బుక్‌లో మాట, పక్కన తెలుగు లిపిలో పలుకుబడి, దాని పక్కన అర్థం రాసుకుని నాకు చూపించేది. "దగ్గు మాకు రోజూ ఉండేదే, అది గుర్తుంటది. గీ చెట్టు కొమ్మతోటి మాకేం పని మేడం?" అని నవ్వేది.

ఆ వానాకాలం నాకు రెండు రోజులుగా జ్వరం. బిళ్ళ వేసుకుని క్లాసుకు వచ్చాను. ఆమె ముందు బెంచీలోంచి లేచి వచ్చి, నా మోచేతి దగ్గర ఎర్రటి చుక్కలు చూసి, నాడి పట్టుకుంది. "క్లాసు బంద్ చెయ్యున్రి. డెంగ్యూ లెక్క కొడుతున్నది" అంది. తనే ఆటోలో ఎక్కించుకుని వాళ్ళ ఆసుపత్రికి తీసుకుపోయింది. ప్లేట్‌లెట్లు అప్పటికే బాగా పడిపోయాయి. ఇంకొక్క రోజు ఆగుంటే కష్టమయ్యేదని డాక్టరు అన్నాడు. నేను అక్కడున్న నాలుగు రోజులూ ఆమె డ్యూటీ దిగాక వచ్చి నా మంచం పక్కన కూర్చునేది. కళ్ళు మూసుకుని, పెదాలు కదలకుండా ప్రార్థన చేసుకునేది. అడిగితే "మీ కోసమే మేడం" అనేది.

నెల తిరగకుండా ఇంటర్వ్యూ వచ్చింది. ఇంగ్లీష్ పరీక్షించడానికి మా ఇన్‌స్టిట్యూట్ నుంచి ఒకరిని పంపమని ఆసుపత్రివాళ్ళు అడిగితే నన్ను పంపారు. ఆమె గదిలోకి వచ్చి నన్ను చూడగానే మొహం వెలిగింది. నేను తల దించుకుని కాగితాలు సర్దుకున్నాను. మాకు పరిచయముందని తెలిస్తే నా మార్కులకు విలువుండదని భయం. కనీసం అప్పుడు అలాగే అనుకున్నాను.

ఒక పేషెంటు కాగితం ఇచ్చి చదవమన్నారు. పుండును థరోగా శుభ్రం చెయ్యాలని అందులో ఉంది. అదీ ఆ నాలుగక్షరాలున్న మాటే. ఆమె దాన్ని త్రూ అని చదివింది. పక్కనున్న హెచ్‌ఆర్ కుర్రవాడు పెదవి బిగబట్టి నవ్వాపుకున్నాడు.

"ఆ మాటకు అర్థం?" అన్నాడు.

"ఒక్క మూల ఇడువకుండ, మొత్తం చూసి కడుగుడు సార్."

"ఇంగ్లీష్‌లో చెప్పండి."

ఆమె నావైపు చూసింది. ఆ అర్థం ఆ గదిలో ఆమెకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. ఆ సంగతి నేను వాళ్ళతో అనుండొచ్చు. అనలేదు. పదికి నాలుగు వేశాను.

పోస్టు ఆమె దగ్గరే సూది వెయ్యడం నేర్చుకున్న ఒక చిన్నమ్మాయికి వచ్చింది. మర్నాడు కూడా ఆమె ఏడింటికే క్లాసుకొచ్చింది. అందరూ వెళ్ళాక నా దగ్గర ఆగింది.

"మేడం, మీరెన్ని ఏసిన్రు?"

"ఎనిమిది వేశాను సిస్టర్. వాళ్ళే తక్కువ వేశారు."

"మస్తు ఏసిన్రు మేడం" అని నా చెయ్యి పట్టుకుంది. తర్వాత వారం నుంచి రాలేదు. మార్కుల షీటు ఇన్‌చార్జి గదిలో నర్సులందరికీ కనబడేలా ఉంటుందని నాకు ఆలస్యంగా తెలిసింది.

ఆసుపత్రివాళ్ళకు నేను నచ్చాను. మొహమాటం లేకుండా మార్కులేస్తానని మెచ్చుకుని, వాళ్ళ నర్సులందరికీ ఇంగ్లీష్ చెప్పే పని నాకే ఇచ్చారు. అప్పటికి ఆమె అక్కడ మానేసింది. ఎందుకని నేను ఎవరినీ అడగలేదు.

మొన్న ఎర్రగడ్డ రైతుబజార్లో ఎదురుపడింది. చేతిలో తోటకూర కట్టలు. తప్పించుకుందామంటే దారి లేదు.

"నమస్తే మేడం. ఒంట్లో బాగుందా? జ్వరం మళ్ళ రాలేదు కదా?"

రాలేదన్నాను. ఇప్పుడెక్కడ చేస్తున్నారని అడిగాను.

"ఇండ్లకు పోతున్న. మంచంల ఉన్న ముసలోళ్ళను చూసుకుంట."

క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. "సిస్టర్, ఆ రోజు..."

"ఎర్కే మేడం" అంది, గొంతు కొంచెం కూడా పెంచకుండా. "నాలుగు ఏసినందుకు బాధ లేదు. తప్పు సదివిన. ఎనిమిది అని ఎందుకు చెప్పిన్రు?"

తోటకూర కట్టలు సంచిలో వేసుకుని, జనంలోంచి రోడ్డు వైపు నడిచింది. మంగళవారం మళ్ళీ ఆసుపత్రిలో నర్సులకు క్లాసు ఉండింది. పోయాను, పాఠం చెప్పొచ్చాను.