డాడీ చెవికి అందని మోత

పార్కులో జూలై నాలుగు, అమెరికా స్వాతంత్ర్య దినపు బాణసంచా వాసన తగలగానే డాడీ పాత లీవర్ రైఫిల్ గుర్తొచ్చింది.

దానికి దుర్భిణి ఉండేది కాదు. మా చర్చి అంకుల్ పొలంలో, పావు మైలు అవతల వేలాడే ఇనుప పలకను డాడీ, అంకుల్ ఉత్త కంటితోనే గురి చూసేవారు. పేల్చాక, మోత తగలకుండా పెట్టుకున్న చెవి మూతలు తీసి, పలక మోగుతుందా అని వినేవారు.

ఆ రోజు డాడీ పేల్చి, తల వంచి విన్నాడు.

“మిస్సయిందే.”

“లేదు డాడీ, మోగిందిగా!”

“నువ్వూ మీ అంకుల్‌లాగే ఆటపట్టించు.”

లైబ్రరీలో దొరికిందల్లా చదివే వయసు నాది. “సౌండ్ చాలా స్లో డాడీ. బుక్‌లో ఉంది. వెయిట్ చెయ్యి, వస్తుంది” అన్నాను. ఆయన పొడుగు కాబట్టి అంత ఎత్తుకు చేరడానికి ఇంకాస్త ఆలస్యమవుతుందనుకున్నాను.

“కొట్టినోడికే వినపడకపోతే ఎలాగయ్యా!” అని అంకుల్ నవ్వబోయి ఆగిపోయాడు.

డాడీ తూటా ఎక్కించే లీవర్ దించి, ఎత్తి, మళ్లీ పేల్చాడు. పలక మళ్లీ మోగింది. ఆయన ఇంకా వింటూనే నిలబడ్డాడు.

కుర్రతనంలో చెవి మూతల్లేకుండా కాల్చిన ఏళ్లు వినికిడిని మెల్లగా తినేస్తాయని పెద్దయ్యాక చదివాను.

చర్చిలో పాట ఎత్తుకునేది ఎప్పుడూ డాడీయే. ఆ తర్వాతి ఆదివారం మాత్రం “కుర్రాళ్లను పాడనివ్వండి” అంటూ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. పాట మొదలయ్యాక నా పెదవులకేసి చూస్తూ తన పెదవులు కదిపాడు. మాటలు మర్చిపోయాడనుకుని, ఆయనకు అందేలా నెమ్మదిగా పాడాను.